అభిప్రాయాల తూకం

అనకాపల్లి పేరు వినగానే తెలుగునాట ఎవరికైనా మొదట స్ఫురించేది బెల్లం. శారదానది పరిసరాలలోని చెరకుతోటల నుండి గానుగకు, గానుగ నుండి పెనానికి, పెనం నుండి అచ్చుకు చేరి, దిమ్మలుగా గట్టిపడిన బెల్లం తెల్లవారేసరికి మార్కెట్టు యార్డులో వరుసలు తీరి ఉంటుంది. వర్తకుడు ఒక్కొక్క వరుస దగ్గర ఆగి, దిమ్మ రంగు చూసి, చిన్న ముక్క గిల్లి నోట వేసుకొని, ఆ తరువాతనే ధర పలుకుతాడు. పసిమి రంగు బెల్లానికి ఒక ధర, ఎర్రని దానికి ఒక ధర, నల్లబెల్లానికి మరొక ధర. సగం పసిమిది, సగం నల్లది ఉన్న రాశిని చూపి, “సగటున ఇది ఎర్రబెల్లమే” అని ఎవరైనా అంటే ఆ వర్తకుడు నవ్వి ముందుకు సాగిపోతాడు.

బెల్లం విషయంలో ఇంత జాగ్రత్త వహించే సమాజం మనుషుల అభిప్రాయాల విషయంలో మాత్రం సగటుతోనే సరిపెట్టుకొంటున్నది. ఎన్నికల ఫలితాలు వెలువడిన మరునాడు “ఈ నియోజకవర్గ ప్రజలు ఫలానా భావజాలం వైపు మొగ్గారు” అని పత్రికలు వ్రాస్తాయి. లక్షలాది ఓటర్ల మనసులను ఒక్క వాక్యంలో ఇమిడ్చే ఈ అలవాటు ఎంత బలహీనమైనదో తెలుసుకోవడానికి అనకాపల్లి లోక్‌సభ స్థానం చరిత్రే చాలు.

1989 సార్వత్రిక ఎన్నికలలో ఇక్కడ కాంగ్రెసు అభ్యర్థి కొణతాల రామకృష్ణ తెలుగుదేశం అభ్యర్థిపై కేవలం 9 ఓట్ల ఆధిక్యంతో గెలుపొందారు. లోక్‌సభ ఎన్నికల చరిత్రలో ఇంతకంటె స్వల్పమైన ఆధిక్యం లేదు; 1998లో నాటి బీహారులోని రాజ్‌మహల్‌లో ఒక అభ్యర్థి సరిగ్గా ఇంతే ఆధిక్యంతో గెలిచి ఈ రికార్డును పంచుకొన్నారు. ఆనాడు ఐదుగురు ఓటర్లు ఇటువారు అటు మొగ్గి ఉంటే, మరునాటి పత్రికలు అనకాపల్లి ప్రజల భావజాలాన్ని గురించి పూర్తిగా విరుద్ధమైన మాట వ్రాసి ఉండేవి. ఐదుగురి మనసు మారితే లక్షలమంది భావజాలం మారినట్లవుతుందా?

అసలు భావజాలం అంటే ఏమిటి? ప్రభుత్వం ఏ పనులు చేయాలి, ఏవి చేయరాదు, సమాజంలో ఎవరికి ఏ స్థానం దక్కాలి, భూమి ఎవరిది, పన్ను ఎవరు కట్టాలి అనే ప్రశ్నలకు మనిషి చెప్పుకొనే సమాధానాలలోని పొందికకే ఆ పేరు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. ఒక నియోజకవర్గంలోని ఓటర్ల సమాధానాలు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయి, ఎన్ని విధాలుగా ఉన్నాయి అనేదే భావజాల వైవిధ్యం. దీనిని కొలవాలని రాజనీతి శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా ప్రయత్నిస్తున్నారు. ఆ ప్రయత్నం మన వంటి దేశానికి అవసరమైనదే. అయితే ఏది కొలుస్తున్నామో ముందుగా తేల్చుకోకపోతే దానివల్ల మేలు కంటె కీడే ఎక్కువ.

చేతికి సులభంగా అందేది ఓటు కాబట్టి చాలామంది ఓటునే కొలుస్తారు. 1979లో ఫిన్లాండుకు చెందిన మార్కు లాక్సో, ఎస్టోనియాలో జన్మించిన రైన్ తాగెపేర అనే పండితులిద్దరు ఒక సూత్రాన్ని ప్రతిపాదించారు. ప్రతి పార్టీకి వచ్చిన ఓట్ల వాటాను వర్గం చేసి, ఆ వర్గాలన్నింటినీ కూడి, ఒకటిని ఆ మొత్తంతో భాగిస్తే వచ్చేది ‘ప్రభావశీల పార్టీల సంఖ్య’. రెండు పార్టీలకు చెరి సగం ఓట్లు వస్తే ఆ సంఖ్య రెండు. ఐదు పార్టీలకు సమానంగా వస్తే ఐదు. నామమాత్రంగా పోటీ చేసి ధరావతు కోల్పోయే అభ్యర్థుల వల్ల ఈ సంఖ్య పెద్దగా పెరగదు. చాలా చక్కని సూత్రం.

దీనిని అనకాపల్లికి అన్వయించి చూద్దాం. 2009లో ఇక్కడ కాంగ్రెసు, తెలుగుదేశం, ప్రజారాజ్యం పార్టీల నడుమ గట్టి త్రిముఖ పోటీ జరిగింది. కాంగ్రెసు అభ్యర్థి సబ్బం హరి సగం ఓట్లయినా రాకుండానే విజేత అయ్యారు. ఆ ఏటి ప్రభావశీల పార్టీల సంఖ్య మూడుకు మించుతుంది. 2024లో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి సి.ఎం. రమేష్‌కు దాదాపు 57 శాతం, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి బూడి ముత్యాలనాయుడుకు దాదాపు 35 శాతం ఓట్లు లభించాయి. సూత్రం ప్రకారం సంఖ్య రెండుకు కాస్త పైన నిలుస్తుంది. అంటే పదిహేనేండ్లలో అనకాపల్లి ఓటర్ల భావజాల వైవిధ్యం మూడింట ఒక వంతు తరిగిపోయిందా? ఎంతమాత్రం కాదు. ప్రజారాజ్యం 2011లో కాంగ్రెసులో విలీనమయింది. 2024లో తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీలు కూటమి కట్టాయి. మారినవి పార్టీల పొత్తులు. ఓటరు మనసులో ఏమి జరిగిందో ఈ సూత్రం చెప్పలేదు, చెప్పగలనని అన్నదీ లేదు. అనేది దానిని వాడేవారే.

2024 మే 13న అనకాపల్లి పట్టణంలోని ఒక పోలింగు కేంద్రంలోకి ప్రవేశించిన కూటమి ఓటరును ఊహించుకోండి. లోక్‌సభ యంత్రం మీద కమలం గుర్తును నొక్కాడు. రెండడుగుల అవతల శాసనసభ యంత్రం మీద జనసేన వారి గాజు గ్లాసును నొక్కాడు. అదే రోజు అదే కూటమికి ఓటు వేసిన చోడవరం ఓటరు కమలాన్ని, సైకిలును నొక్కాడు. ముగ్గురూ కలిసి పోటీ చేసినందున సీట్ల పంపకాన్ని బట్టి ఓటరు వేలు కదిలింది. ఈ కమలాలను లెక్కపెట్టి “అనకాపల్లి జిల్లాలో ఫలానా సిద్ధాంతం వేళ్ళూనుకొన్నది” అని వ్రాసేవారి ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే. వ్యక్తుల సంగతి సరేసరి. 1989లో కాంగ్రెసు పక్షాన లోక్‌సభకు గెలిచిన కొణతాల రామకృష్ణే 2024లో జనసేన పక్షాన అనకాపల్లి శాసనసభ్యులయ్యారు. 1999లో తెలుగుదేశం పక్షాన ఇక్కడి లోక్‌సభ స్థానాన్ని గెలిచిన గంటా శ్రీనివాసరావు 2009లో ప్రజారాజ్యం పక్షాన ఇక్కడి శాసనసభ స్థానాన్ని గెలిచారు. ఓటరు గుర్తును చూశాడా, మనిషిని చూశాడా, సిద్ధాంతాన్ని చూశాడా అన్నది ఓట్ల పట్టికలో ఉండదు.

మరికొందరు కులాలను లెక్కపెట్టి అదే భావజాలమని భ్రమపడతారు. ఒకే కులంలో పుట్టిన అన్నదమ్ములలో ఒకడు రైతుగా, ఒకడు కర్మాగారంలో కార్మికుడిగా స్థిరపడితే భూసేకరణ మీద ఇద్దరి మాట ఒక్కటిగా ఉండనక్కర లేదు. కుల సమీకరణాల పట్టిక అభ్యర్థిని ఎంపిక చేసే పార్టీ కార్యాలయానికి పనికి వస్తుందేమో గాని, ప్రజల ఆలోచనకు అద్దం కాజాలదు.

కాబట్టి ఓటును గాక అభిప్రాయాన్నే అడగాలి. అడిగిన తరువాత లెక్క ఎలా కట్టాలన్నదే మరింత రసవత్తరమైన విషయం. కేవలం ఉదాహరణ కోసం నూరేసి మంది ఓటర్లున్న మూడు ఊళ్ళను కల్పించుకొందాం. “సాగుభూమిని పరిశ్రమకు ఇవ్వవచ్చునా?” అన్నది ప్రశ్న. ‘ఎట్టి పరిస్థితిలోనూ వద్దు’ అంటే ఒకటి, ‘తప్పక ఇవ్వాలి’ అంటే ఐదు, ఎటూ తేల్చకపోతే మూడు. నడుమ ఉన్నవారికి రెండు, నాలుగు. మొదటి ఊరిలో నూరుగురూ మూడు అన్నారు. రెండవ ఊరిలో యాభైమంది ఒకటి, యాభైమంది ఐదు అన్నారు. మూడవ ఊరిలో ఒకటి నుండి ఐదు వరకు ప్రతి సంఖ్యనూ ఇరవయ్యేసి మంది చెప్పారు. మూడు ఊళ్ళ సగటూ మూడే. సగటును మాత్రమే చూసే అధికారి మూడు ఊళ్ళకూ ఒకే రకమైన నివేదిక పంపుతాడు. మొదటి ఊరిలో సభ పెడితే ఎవరూ రారు. రెండవ ఊరిలో సభ పెడితే పోలీసు బందోబస్తు కావాలి.

సగటు నుండి ఒక్కొక్కరు ఎంత దూరంలో ఉన్నారో వర్గం చేసి లెక్కించే ‘విస్తృతి’ అనే గణితమానం ఉన్నది. దాని ప్రకారం మొదటి ఊరికి సున్న, రెండవ ఊరికి నాలుగు, మూడవ ఊరికి రెండు. కాగా ఇందాకటి లాక్సో, తాగెపేరల సూత్రాన్ని ఈ సమాధానాలకు అన్వయిస్తే మొదటి ఊరికి ఒకటి, రెండవ ఊరికి రెండు, మూడవ ఊరికి ఐదు వస్తుంది. ఒక కొలత ప్రకారం రెండవ ఊరు, మరొక కొలత ప్రకారం మూడవ ఊరు ఎక్కువ వైవిధ్యం గలవి. ఏ కొలత సరియైనది? రెండూ సరియైనవే, అవి వేరు వేరు వస్తువులను కొలుస్తున్నాయి. మూడవ ఊరిది వైవిధ్యం. రెండవ ఊరిది చీలిక. దీనినే శాస్త్రజ్ఞులు ధ్రువీకరణం అంటారు. మన పత్రికా భాషలో ఈ రెండు మాటలకూ తేడా చెరిగిపోవడం విచారకరం. వైవిధ్యం గల ఊరిలో నడుమ నిలిచి ఇరువైపులా మాట్లాడగలవారు ఉంటారు. చీలిన ఊరిలో ఆ నడిమి మనుషులే ఉండరు.

ఇది ఒక్క ప్రశ్నతో తేలే పని కూడా కాదు. పాశ్చాత్య దేశాలలో వామపక్షం, మితవాదం అని ఒకే గీత గీసి ఓటర్లను దానిమీద వరుసగా నిలబెట్టడం అలవాటు. భారతదేశానికి ఆ గీత చాలదని ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ 2018లో వెలువరించిన గ్రంథంలో వాదించారు. సమాజ జీవితంలో ప్రభుత్వం ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చుననేది ఒక గీత, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక గుర్తింపు, అవకాశాలు కల్పించాలా అనేది మరొక గీత అని వారు చూపించారు. ఈ రెండు గీతల మీద ఒకే మనిషి వేరు వేరు చోట్ల నిలబడవచ్చు.

అనకాపల్లి ప్రాంతపు రైతు కుటుంబాన్నే తీసుకోండి. తుమ్మపాల సహకార చక్కెర కర్మాగారం మూతపడినప్పుడు ప్రభుత్వమే దానిని నడపాలని కోరిన రైతు, తన బెల్లాన్ని ఎక్కడ, ఎవరికి అమ్ముకోవాలో చెప్పడానికి ప్రభుత్వం ఎవరని ప్రశ్నిస్తాడు. నల్లబెల్లం సారా బట్టీలకు చేరుతున్నదన్న కారణంతో దాని అమ్మకంపై ఆంక్షలు వచ్చిన ప్రతిసారీ ఆ ప్రశ్న వినబడింది. అదే ఇంటి ఇల్లాలి మాట వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం తెలుగునేల అంతటా వ్యాపించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చి, 1997లో సడలిపోయింది. ఇంట్లో మగవాడి తాగుడు వల్ల నలిగిపోయిన స్త్రీకి నల్లబెల్లంపై ఆంక్ష అన్యాయంగా తోచదు. ఒకే కప్పు కింద, ఒకే రేషను కార్డు మీద, బహుశా ఒకే గుర్తుకు ఓటు వేసే ఇద్దరి నడుమ ఇంత దూరం ఉన్నది. ఇంటి యజమానిని మాత్రమే అడిగి “ఈ ఇంటి అభిప్రాయం” అని వ్రాసుకొని వెళ్ళే సర్వేకు ఈ దూరం కనబడదు. అటువంటి సర్వేలే నేటికీ ఎక్కువ.

అనకాపల్లి లోక్‌సభ స్థానం పరిధిలో ఏడు శాసనసభ నియోజకవర్గాలున్నాయి. పెందుర్తి విశాఖ నగరాన్ని ఆనుకొని ఉన్నది. పరవాడ ఫార్మాసిటీ, సింహాద్రి విద్యుత్కేంద్రం దాని పరిధిలోవే. యలమంచిలిలో అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి. పాయకరావుపేట షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం. తీరం వెంబడి మత్స్యకారుల పల్లెలు. చోడవరం చెరకుసీమ. మాడుగుల తూర్పు కనుమల అంచున ఉంటే, నర్సీపట్నం మన్యానికి వాకిలి. వీటికి అనకాపల్లి పట్టణ వర్తకం తోడు. ఇన్ని జీవన విధానాలను ఒకే ప్రతినిధి పార్లమెంటులో వినిపించాలి. ఎవరి గొంతును?

నడిమి ఓటరు గొంతును అని ఆంథొనీ డౌన్స్ 1957లో వెలువరించిన గ్రంథం నాటి నుండి ప్రసిద్ధమైన సమాధానం. ఓటర్లందరినీ అభిప్రాయాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యన నిలిచేవాడిని మెప్పించినవాడే గెలుస్తాడని దాని సారాంశం. ఎలిజబెత్ గెర్బర్, జెఫ్రీ లూయిస్ అనే పరిశోధకులు అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ ఓటర్లు వివిధ ప్రజాభిప్రాయ ప్రతిపాదనలపై వేసిన ఓట్లను పరిశీలించి, ఈ సమాధానానికి 2004లో ఒక ముఖ్యమైన సవరణ చేశారు. ఓటర్ల అభిప్రాయాలు దగ్గర దగ్గరగా ఉన్న చోట ప్రతినిధి నడిమి ఓటరు మాటను దాటడు. అభిప్రాయాలు బాగా చెదిరి ఉన్న చోట ఆ కట్టు సడలుతుంది. వైవిధ్యం గల నియోజకవర్గంలో ప్రతినిధి తన ఇష్టం వచ్చినట్లు నడచుకోగలడు, ఎందుకంటే ఏం చేసినా మెచ్చేవారు కొందరు దొరుకుతారు. మన దేశంలో దీనికి మరొక మెలిక ఉన్నది. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల సభలో ఓటు వేయవలసి వచ్చినప్పుడు సభ్యుడు పార్టీ విప్‌ను పాటించాలి. ఏడు రకాల జీవనాల నుండి వచ్చిన ఏడు రకాల మాటలు చివరకు పార్టీ అధిష్ఠానం మాటగా మారిపోతాయి. అందుచేతనే సభకు వెలుపల ఆ మాటలను లెక్కకు తెచ్చే సాధనం ఇక్కడ మరింత అవసరం.

సాధనాలు లేకపోలేదు. ఢిల్లీలోని వికాసశీల సమాజాల అధ్యయన కేంద్రానికి చెందిన లోక్‌నీతి సంస్థ 1990ల నుండి ఎన్నికల వేళ ఓటర్ల అభిప్రాయాలను క్రమపద్ధతిలో సేకరిస్తున్నది. కాని అటువంటి సర్వే రాష్ట్రానికో దేశానికో చాలినంత నమూనాతో జరుగుతుంది. ఒక్క అనకాపల్లికి వచ్చేసరికి మిగిలేది కొద్దిమంది సమాధానాలే. వాటితో వైవిధ్యాన్ని లెక్క కట్టడం చారెడు ఉసిరికాయలు చూసి తోట దిగుబడి చెప్పడం వంటిది. దేశవ్యాప్త సర్వేను జనాభా లెక్కలతో జోడించి ఒక్కొక్క నియోజకవర్గానికి అంచనా కట్టే గణాంక పద్ధతి ఒకటి ఉన్నది. 2017 బ్రిటన్ ఎన్నికలలో ఏ పార్టీకీ ఆధిక్యం రాదని దాని సాయంతోనే ఒక సంస్థ ముందుగా చెప్పగలిగింది. ఇక్కడ ఆ పద్ధతికి ఆధారమే బలహీనం. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. 2011 లెక్కల నాటికి అనకాపల్లి జిల్లాయే లేదు, అది 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. పెందుర్తి నియోజకవర్గం ఇప్పటికీ రెండు జిల్లాలలో పరచుకొని ఉన్నది. దగ్గరి దారులు లేనప్పుడు ఇంటింటికీ వెళ్ళి, స్త్రీలను, పురుషులను వేరు వేరుగా అడగడమే శరణ్యం.

భేదాలను కొలవడం మొదలుపెడితే భేదాలు పెరుగుతాయని కొందరు పెద్దల ఆక్షేపణ. ఇది తేలికగా తోసివేయదగింది కాదు. వ్యాసభారతం శాంతిపర్వంలో గణరాజ్యాల గురించి ధర్మరాజు అడిగినప్పుడు, వాటికి వెలుపలి శత్రువు కంటె లోపలి భేదమే ప్రమాదమని భీష్ముడు హెచ్చరించాడు. అయితే ఆ భేదానికి మూలం లోభం, అసహనం అనీ ఆయనే చెప్పాడు. అభిప్రాయాలు వేరు కావడం భేదం కాదు. వేరైన అభిప్రాయాన్ని సహించలేకపోవడం భేదం. లెక్కకు రాని అభిప్రాయం మాసిపోదు, మౌనంగా ఉండి ఒకనాడు రోడ్డెక్కుతుంది. ఆక్షేపణలో నిజమున్నది వేరొక చోట. కొలిచిన లెక్క ఎవరి చేతికి చిక్కుతుందన్నదే అసలు భయం.

ఆ భయం ఊహ కాదు. కాగితపు బ్యాలెట్ల కాలంలో వేర్వేరు కేంద్రాల పత్రాలను కలిపి లెక్కించే వెసులుబాటు ఉండేది. 2004 నుండి సార్వత్రిక ఎన్నికలు పూర్తిగా యంత్రాలతో జరుగుతున్నాయి. ప్రతి పోలింగు కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం 20లో అంకెలతో సహా కనిపిస్తుంది. వెయ్యిమంది ఓటర్లున్న పల్లె ఎటు మొగ్గిందో గెలిచినవాడికీ తెలుసు, ఓడినవాడికీ తెలుసు. రోడ్డు, తాగునీటి పథకం, పింఛను జాబితా ఆ అంకెలను చూసి కదలడం మొదలుపెడితే రహస్య బ్యాలెట్టుకు అర్థమేమిటి? దీనికి విరుగుడుగా 14 కేంద్రాల ఓట్లను ఒకేసారి కలిపి లెక్కించే ‘టోటలైజరు’ యంత్రాన్ని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో దానిని సమర్థించింది. అయినా అది ఆచరణలోకి రాలేదు. నియోజకవర్గ స్థాయిలో ప్రజల అభిప్రాయాలు ఎంత వైవిధ్యంగా ఉన్నాయో మనకు తెలియదు. వీధి స్థాయిలో ఎవరు ఎవరికి ఓటు వేశారో మాత్రం అందరికీ తెలుస్తున్నది. తెలియవలసినది తెలియకపోవడం, తెలియకూడనిది తెలిసిపోవడం మన ఎన్నికల వ్యవస్థలోని వింత.

అనకాపల్లికి సమీపంలో శంకరం వద్ద బొజ్జన్నకొండ ఉన్నది. బౌద్ధ సంఘాలు వివాదం తలెత్తినప్పుడు శలాకలు అనే పుల్లలతో అభిప్రాయం సేకరించేవని వినయపిటకం చెబుతున్నది. రంగు పుల్లలను రహస్యంగా ఇవ్వడం, చెవిలో చెప్పి ఇవ్వడం, అందరి ఎదుటా ఇవ్వడం అని మూడు పద్ధతులను అది పేర్కొన్నది. పుల్లలు పంచే భిక్షువుకు పక్షపాతం, ద్వేషం, మోహం, భయం ఉండరాదని నియమం. రెండువేల ఏండ్లకు పూర్వమే లెక్క పెట్టేవాడి గుణం లెక్క కంటె ముఖ్యమని గుర్తించారన్నమాట.

పదునెనిమిదేండ్లు నిండి తొలిసారి ఓటరు జాబితాలో పేరు చేర్చుకోబోయే విద్యార్థులు తమ వీధిలో ఈ ప్రయోగం చేసి చూడవచ్చు. పార్టీ పేరు ఎత్తకుండా ఐదు ప్రశ్నలు చాలు: సాగుభూమి, మద్యనిషేధం, చక్కెర కర్మాగారం, రిజర్వేషన్లు, పట్టణపు పన్నులు. ప్రతి ఇంటిలో ఇద్దరిని, వేరు వేరుగా, ఒకరి సమాధానం మరొకరికి వినబడకుండా అడగాలి. సగటుతో పాటు విస్తృతిని కూడా లెక్క కట్టాలి. సమాధానాల కాగితం మీద పేరు గాని, ఇంటి నంబరు గాని వ్రాయరాదు.